లీకేజీ పరిమితి లోపలే ఉంది

నేను గర్వంగా చెప్పుకోగలిగిన విద్య ఒక్కటే ఉంది. గాలి ఎక్కడి నుంచి తప్పించుకుపోతోందో చెప్పగలను. రాయపూర్‌లో మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కనే వ్యాగన్లు మరమ్మతు చేసే కార్ఖానా ఉంది. అందులో బ్రేకుల సెక్షన్‌లో పనిచేశాను. గూడ్సు బండి బ్రేకులు గాలితో నడుస్తాయి. మరమ్మతు అయిన వ్యాగన్ గొట్టాల్లోకి గాలి ఎక్కించి, గాలి వచ్చే దారికున్న కాక్ మూసేసి, ఒకసారి గేజి ముల్లు వంక, ఒకసారి చేతి గడియారం వంక చూస్తూ నిలబడాలి. ముల్లు ఎంతో కొంత దిగుతుంది. అసలు దిగని వ్యాగన్‌ని నా సర్వీసులో చూడలేదు. నిమిషానికి ఇంతవరకు దిగవచ్చు అని ఒక పరిమితి ఉంటుంది. దాని లోపల ఉంటే సుద్దముక్కతో టిక్కు పెట్టి పంపేస్తాం. మించితే సబ్బునీళ్ళు పూసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో వెతుకుతాం. కారడం తప్పు కాదు, మితిమీరి కారడమే తప్పు. అదీ మా సెక్షన్ వేదాంతం.

ఆ వేదాంతాన్ని కార్ఖానా గేటు దగ్గర వదిలేసి ఇంటికి వచ్చే బుద్ధి నాకు లేకపోయింది. మా ఇంట్లో కూలర్ ట్యాంకు కారేది. రాయపూర్ ఎండలకి కూలర్ లేని ఇల్లుండదు, కారని కూలరూ ఉండదు. దాని కింద గ్లాసు పెట్టి, గడియారం చూసుకుని, గంటకి ఎన్ని గ్లాసులు నిండుతున్నాయో తేల్చి, “నడుస్తుంది, ఏం పరవాలేదు” అని తీర్పిచ్చాను. ఆ వేసవి పోయేసరికి కిటికీ కింద గోడ ఉబ్బి పెచ్చులూడింది. గ్యాసు సిలిండర్ వచ్చిన ప్రతిసారీ సబ్బునీళ్ళు పూసి చూడనిదే పొయ్యి వెలిగించనిచ్చేవాణ్ణి కాదు. ఒకసారి కుక్కర్ మూత పక్కనుంచి ఆవిరి ఎంత పోతోందో నిలబడి గమనిస్తూ పప్పు మొత్తం మాడబెట్టాను. మా ఆవిడ ఆ మాడు పప్పే వడ్డించింది. నేను తిన్నాను.

మా ఆవిడ రాయపూర్‌లోనే పుట్టింది. వాళ్ళ నాన్న కూడా ఈ కార్ఖానాలోనే ఫిట్టరు. ఆమె చదువంతా హిందీలో సాగింది. నేను ఇరవై రెండో ఏట ఉద్యోగం దొరికి పలాస వైపు నుంచి వచ్చినవాణ్ణి. అందుకని నాది అసలు తెలుగనీ, ఆమెది కల్తీ తెలుగనీ ఏడిపించేవాణ్ణి. ఆమె ఎక్కువ వాదించదు. ఒక మాట ఒకసారి చెప్తుంది, రెండోసారి చెప్తుంది, మూడోసారి “ఠీక్ ఉంది” అంటుంది. ఆ “ఠీక్ ఉంది” అన్నప్పుడు ఏదీ ఠీక్‌గా లేదని అర్థం. పెళ్ళయిన ఆరేళ్ళకి కూడా ఆ సంగతి నాకు బుర్రకెక్కలేదు.

మొబైళ్ళు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులవి. ఆమెకి రెండో కాన్పు. మొదటిది ఆపరేషన్ అయింది, ఆ పిల్లకి అప్పటికి అయిదేళ్ళు. అయిదో నెలలో స్కానింగు చేయిస్తే మాయ కిందికి ఉందన్నారు. బిడ్డకి రక్తం అందించే మాయ గర్భసంచిలో పైన అంటుకుని ఉండాలట. ఈమెకి కింద, బిడ్డ బయటికి వచ్చే దారికే అడ్డంగా కూర్చుంది. పాత ఆపరేషన్ కుట్టు ఉన్నవాళ్ళలో ఇలా కావడానికి అవకాశం కొంచెం ఎక్కువట. డాక్టరమ్మ ఇదంతా హిందీలో నెమ్మదిగా చెప్పింది. నేను కుర్చీ ముందుకు లాక్కుని “ఎంత కిందుంది? ఎంతవరకు ఉండవచ్చు?” అని అడిగాను. వ్యాగన్ కింద దూరిన ఇన్‌స్పెక్టర్ ముఖం పెట్టుకుని అడిగి ఉంటాను. ఆమె నన్నొకసారి చూసి, మా ఆవిడ వైపు తిరిగి మిగతాది చెప్పింది.

ఆమె చెప్పినవి చాలా ఉన్నాయి. కడుపు పెరిగేకొద్దీ చాలామందికి మాయ తనంతట తనే పైకి జరిగిపోతుంది. జరిగిందో లేదో ఎనిమిదో నెలలో మళ్ళీ స్కానింగు చేసి చూడాలి. బరువులు ఎత్తకూడదు, ప్రయాణాలు చేయకూడదు. రక్తం చుక్క కనిపించినా ఆలోచించకుండా ఆపరేషన్ చేయగలిగిన ఆసుపత్రికి వచ్చేయాలి. అక్కడ ముందు ఎవరు కనిపిస్తే వాళ్ళకి మాయ కిందుందని చెప్పాలి, లోపల చెయ్యి పెట్టి పరీక్ష చేయనివ్వకూడదు. ఇన్నింటిలో నా చెవికి ఎక్కింది మొదటి వాక్యం ఒక్కటే. ఇంటికి వచ్చి నా నోటు పుస్తకంలో “మాయ: కింద. పైకి జరుగును” అని రాసి, పక్కన టిక్కు పెట్టాను. సుద్దముక్క లేదు కాబట్టి పెన్నుతో పెట్టాను.

ఎనిమిదో నెల వచ్చింది. స్కానింగు సంగతి ఆమె గుర్తుచేసింది. అవి మార్చి నెలాఖరు రోజులు, సెక్షన్‌లో ఊపిరాడని పని. వచ్చే వారం అన్నాను. వారం తర్వాత మళ్ళీ గుర్తుచేసింది. కడుపు పైకే కనిపిస్తోంది, మాయ కూడా పైకే పోయుంటుంది అన్నాను. ఇంత తెలివైన మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మూడోసారి ఆమె “ఠీక్ ఉంది” అంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. పొద్దున్నే మూల మీది బండి దగ్గర్నుంచి పోహా, జిలేబీ తెచ్చాను. మా పిల్ల పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ పక్కింటివాళ్ళది విజయనగరం వైపు. ఆయన కార్ఖానాలో పెయింటరు. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేవాళ్ళం. నేను రెండో జిలేబీ మీద ఉండగా మా ఆవిడ బాత్‌రూమ్ గుమ్మంలోంచి “కొంచెం బ్లడ్ వచ్చింది” అంది.

“నొప్పుందా?” అన్నాను.

“లేదు.”

“అస్సలు లేదా?”

“అస్సలు లేదు. బస్, బ్లడ్ వచ్చింది, అంతే.”

నా ముఖం వికసించింది. నొప్పి లేదంటే ఏమీ లేనట్టే కదా. ప్రమాదమంటే చప్పుడు చేస్తూ రావాలని నా నమ్మకం. మడత మంచం వాల్చి ఆమెని పడుకోబెట్టాను. పాత నూలు చీర చింపి గుడ్డలు మడిచి ఇచ్చి, పావుగంటకొకటి మార్చి నాకు చూపించమన్నాను. స్కానింగు రిపోర్టు ఉన్న పెద్ద కవరు తీసుకుని దాని వెనకవైపు గీతలు గీశాను. ఒక గడిలో టైము, ఒక గడిలో మరక ఎంతుందో. మొదటి పావుగంట: అరచెయ్యంత. రెండో పావుగంట: గోరింటాకు చుక్కంత. మూడో పావుగంట: లేదు. కళ్ళారా చూస్తూ ఉండగా లీకు దానంతట అదే మూసుకుపోయింది. బ్రేకుల సెక్షన్‌లో అలాంటిది ఎప్పుడూ జరగదు. జరగదు కాబట్టి అనుమానించాల్సింది. నేను మురిసిపోయాను.

“చూశావా, ఆగిపోయింది. లీకేజీ పరిమితి లోపలే ఉంది” అన్నాను.

నా నోటితోనే అన్నాను. ఎనిమిదో నెల దాటిన నా భార్యతో అన్నాను.

ఆమె పడుకున్న చోటు నుంచే “హాస్పిటల్‌కి వెళ్దాం. నాకు ఠీక్ అనిపించట్లేదు” అంది.

“ఇవాళ ఆదివారం. డ్యూటీ డాక్టరు తప్ప ఎవరూ ఉండరు. రేపు పొద్దున్నే మన డాక్టరమ్మ దగ్గరికే వెళ్దాం. ఈ రీడింగులు కూడా చూపిద్దాం.”

“డాక్టర్ చెప్పింది కదండీ, చుక్క వచ్చినా రమ్మని.”

“వచ్చింది, ఆగింది. ఆగినదానికి వెళ్ళి ఏం చెప్తాం?”

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నాకు భయం వేసింది. మొదటి గుడ్డ చూసినప్పుడే వేసింది. ఎవరి రక్తమైనా నేను చూడలేను, చిన్నప్పుడు కోడి కోస్తుంటే పెరట్లోంచి పారిపోయేవాణ్ణి. గడియారం చూస్తూ, గడులు గీస్తూ ఉంటే ఏదో పని చేస్తున్నట్టుంటుంది. ఆసుపత్రికి వెళ్ళడమంటే ఇది నిజమేనని ఒప్పుకోవడం. ఇంట్లో కూర్చుని లెక్క చూస్తే ఇంకా నా చేతిలోనే ఉందనుకోవచ్చు. నా పిరికితనానికి నేను పెట్టుకున్న పేరు అనుభవం.

పదకొండు గంటలప్పుడు పక్కింటి అక్క వచ్చింది. పిల్లకి తమ ఇంట్లోనే అన్నం పెట్టేస్తానని చెప్పడానికి వచ్చి, మంచం మీద మా ఆవిణ్ణి, నా చేతిలో కవర్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను జరిగింది మొత్తం వివరించాను. కవరు కూడా చూపించాను. ఆవిడకి చదువు రాదు, అయినా గడులు చూపించాను. ఆవిడ నా మాట వింటూనే మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఆసరాగా పట్టుకుని మా ఆవిడ లేచి నిలబడింది.

నిలబడగానే గచ్చు మీద రక్తం పడింది. ఇందాకటిది అరచెయ్యంత అని రాశాను. ఇప్పటిది రాయడానికి నా గడి చాలదు. ఎర్రగా, చప్పుడు లేకుండా, ఆమె పాదాల చుట్టూ పరుచుకుంది. ఆమె “అమ్మా” అని కూడా అనలేదు. ఆమెకి ఏ నొప్పీ లేదు. ఒట్టేసి చెప్తున్నాను, ఆ క్షణంలో నా ఎడమ చెయ్యి పైకి లేచింది. టైము చూశాను.

“ఓలమ్మా! ఏటి బాబూ, గడియారం సూస్తన్నావా? ముందు మనిషిని సూడు!” అని అరిచింది అక్క.

“ఒక్క పది నిమిషాలు చూద్దాం అక్కా. ఇందాకా ఇలాగే వచ్చి ఆగింది” అన్నాను.

మా ఆవిడ నా వైపు చూడలేదు. “అక్కా, జల్దీ ఆటో పిలవండి” అంది అక్కతో.

అప్పుడు నాకు చురుకు పుట్టింది. ఏ దిక్కుగా పుట్టిందంటే, మెడికల్ కార్డు వైపు. రైల్వేవాడికి కార్డు లేనిదే ఆసుపత్రిలో కాలు పెట్టే హక్కు లేదని నా గట్టి నమ్మకం. బీరువా తెరిచాను. కాగితాలు సర్దడంలో నన్ను మించినవాడు లేడు. ప్రతి కాగితానికీ ఒక కవరు, ప్రతి కవరుకీ ఒక సంచి, ప్రతి సంచికీ ఒక అర. అందుకే ఏదీ దొరకదు. పాసుల సంచి తీశాను, పిల్ల టీకాల సంచి తీశాను, కూలర్ గ్యారంటీ కాగితం కూడా దొరికింది. చివరికి కార్డు, పాత ఫైలు, రిపోర్టు కవరు, అవసరం పడతాయేమోనని రెండు ఫోటోలు కూడా పట్టుకుని విజయగర్వంతో బయటికి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. గేటు బార్లా తెరిచి ఉంది. పక్కింటాయన మా పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

“ఎల్లిపోనారు తమ్ముడూ. నువ్వు కార్డు ఎతుకుతన్నావని సెప్పినాను. ఆగనేదు” అన్నాడు.

స్కూటర్ తీసి నేరుగా రైల్వే ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ ఆమె లేదు. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన రిజిస్టర్ చూసి, ఎవరూ రాలేదన్నాడు. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ చూసి రాలేదన్నాడు. “కార్డు నా దగ్గరుంది, కార్డు లేకుండా ఆమె ఇంకెక్కడికి వెళ్తుంది?” అని అతనితో వాదించాను. ఈ ప్రశ్నకి ప్రపంచంలో ఎవరైనా ఏం జవాబు చెప్తారు? స్కూటర్ కంటే ఆటో నెమ్మది, దారిలో గేటు పడి ఉంటుంది, ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తారు అని లెక్కగట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, సరైన కాగితాలతో, సరికాని ఆసుపత్రిలో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అందులో కొంతసేపు ఆమె మీద కోపం కూడా తెచ్చుకున్నాను.

అంతలో నా మొబైల్ మోగింది. మా ఇంటికంతటికీ అదొక్కటే, అది నా జేబులో ఉంది. బూత్ నుంచి అక్క.

“పెద్దాసుపత్రిలో ఉన్నాం. తొరగా వొచ్చీ బాబూ. రగతం కావాలంతన్నారు.”

“కార్డు దొరికింది అక్కా!”

“కార్డేటి సేసుకుంతారు? నువ్వు రా!”

పెద్దాసుపత్రికి వెళ్ళమని ఆటోవాడికి చెప్పింది మా ఆవిడేనట. రైల్వే ఆసుపత్రికా అని అక్క అడిగితే, “వద్దు, ఆపరేషన్, బ్లడ్ రెండూ ఒకచోటే దొరకాలి” అందట. దిగగానే ఎదురొచ్చిన నర్సు చెయ్యి పట్టుకుని హిందీలో, “ఆఁవల్ నీచే హై, అందర్ హాథ్ మత్ లగానా” అని రెండుసార్లు చెప్పిందట. మాయ కిందుంది, లోపల చెయ్యి పెట్టకండి. నాలుగు నెలల కిందట డాక్టరమ్మ చెప్పిన మాటలు, ముక్క పొల్లుపోకుండా. నా దగ్గర రిపోర్టుంది, ఫైలుంది, కవరుంది. ఆమె దగ్గర ఆ ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యమే ఆ రోజు పనికొచ్చింది.

నేను వెళ్ళేసరికి ఒక పెద్ద వయసు డాక్టరమ్మ బయటికి వచ్చి, రక్తం ఎప్పుడు మొదలైంది అని అడిగింది. ఇక్కడ నేను పనికొస్తాననుకున్నాను. కవరు తిప్పి ఆమె చేతికిచ్చాను. ఆమె గడులన్నీ చదివింది. టైములు చదివింది, అరచెయ్యి, గోరింటాకు చుక్క, అన్నీ. తెలుగులో రాసినవి నన్నే అడిగి చెప్పించుకుంది. తర్వాత కవరు నాకిచ్చేస్తూ “ఆప్ గిన్ రహే థే?” అంది. లెక్కపెడుతూ కూర్చున్నారా అని. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు హాయిగా ఉండేది.

రెండు నిమిషాల్లో ఆమె చెప్పింది ఇది. ఈ జబ్బు అందరికీ రాదు, వచ్చినప్పుడు నొప్పి ఉండదు. నొప్పి లేకుండా ఎర్రటి రక్తం రావడమే దీని గుర్తు. మొదటిసారి కొంచెం వచ్చి ఆగిపోవడం కూడా దీని అలవాటే. అది హెచ్చరిక. రెండోసారి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చాక తల్లికీ బిడ్డకీ ఎక్కువ టైము ఉండదు. అంటే నొప్పి లేదు కాబట్టి భయం లేదనీ, ఆగింది కాబట్టి బాగుందనీ నేను ఏ రెండు కారణాలు చూపించి టిక్కు పెట్టానో, ఆ రెండే జబ్బు పేరు చెప్పే గుర్తులు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రంగా ఎప్పుడూ తప్పు చేయలేదు.

సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. నేను దేనిమీదైనా మూడుసార్లు చదవనిదే సంతకం పెట్టను, ఆ విషయంలో సెక్షన్‌లో నాకు పేరుంది. మొదటి వరుస చదివాను. రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేయాల్సి రావచ్చని ఉంది. రెండో వరుసలో ప్రాణాపాయం అన్న మాట ఉంది. మూడో వరుస నాకు కనిపించలేదు. పెట్టేశాను. అప్పుడే ఆమెని స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్నారు. పెదవులు సుద్దలా ఉన్నాయి. చెప్పాల్సిన మాటలు గొంతు దాకా వచ్చాయి. తప్పు చేశాను, క్షమించు, నువ్వు లేకపోతే నేను బతకలేను, ఇవన్నీ. నా నోటి నుంచి వచ్చింది మాత్రం “కార్డు తెచ్చాను.”

ఆమె కళ్ళు మూసుకుంది. తలుపులు మూసుకున్నాయి.

రక్తం ఇవ్వడానికి మొదట నన్నే పడుకోబెట్టారు. గంటసేపు భార్య రక్తం గుడ్డల మీద కొలిచినవాణ్ణి, నా సొంత రక్తం గొట్టంలోకి ఎక్కడం చూసి స్పృహ తప్పాను. కళ్ళు తెరిచేసరికి మా సెక్షన్ వాళ్ళు నలుగురు వరసగా నిలబడి ఉన్నారు. అక్క బూత్ నుంచి కాలనీకి కూడా ఫోన్ చేసి కబురు చెప్తే, పక్కింటాయన ఇంటింటికీ తిరిగి, నూనె పెట్టుకుని తలస్నానానికి కూర్చున్నవాళ్ళని కూడా లేపి పంపించాడట. ఒకడి చెవి వెనక ఇంకా నూనె కారుతోంది. వాడు నన్ను చూసి నవ్వబోయి మానేశాడు. వాళ్ళిచ్చాక నేను గోడకి ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, నాకు తోడుగా పక్కన నిలబడ్డారు.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకముందే పుట్టింది కాబట్టి పన్నెండు రోజులు గాజుపెట్టెలో ఉంచారు. గర్భసంచి తీయాల్సిన అవసరం రాలేదు. మా ఆవిడకి రక్తం సీసా మీద సీసా ఎక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదని నేను అడగలేదు, ఎవరూ నాకు చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి ఆమె కళ్ళు తెరిచింది. పాప బాగుందని చెప్పాను. పెద్దది ఎక్కడుందని అడిగింది. అక్కావాళ్ళింట్లో ఉందన్నాను. “అన్నం తిందా?” అంది. నాకు తెలియదు. ఆ పిల్ల సంగతి పొద్దున్నించీ నాకు గుర్తే లేదు.

తర్వాత అన్నీ సర్దుకున్నాయి. సర్దుకున్నాక దాన్ని కథ చేసేశాను. నవ్వించే కథ. కార్ఖానాలో టీ టైములో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, కొత్తగా చేరిన కుర్రాళ్ళకి పాఠంగా చెప్పాను. కవరు వెనక గడులు, రైల్వే ఆసుపత్రి బెంచీ, “కార్డు తెచ్చాను”, నా స్పృహ తప్పడం. వరస తప్పకుండా చెప్పేవాణ్ణి. ఎక్కడ ఆగితే జనం నవ్వుతారో బాగా తెలుసు. మా ఆవిడ పక్కనుంటే ఆమె కూడా నవ్వేది. నన్ను నేను తిట్టుకుంటున్నాను, ఆమె నవ్వుతోంది, ఇంకేం బాకీ ఉంది అనుకున్నాను. నా అంత నిజాయితీపరుడు లేడని లోలోపల కొంచెం మురిపెం కూడా ఉండేది.

చాలా ఏళ్ళకి పక్కింటాయన రిటైరై, నయా రాయపూర్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి స్కూటర్ మీద వెళ్ళాం. అంతంత వెడల్పు రోడ్లు, టీ కొట్టు ఒక్కటీ లేదు. భోజనాలయ్యాక ఎవరో అడిగారని నా కథ మళ్ళీ మొదలుపెట్టాను. అందరూ నవ్వాల్సిన చోట నవ్వారు. తర్వాత నేను కుర్చీలు మడిచి బాల్కనీలో పెడుతుంటే అక్క నా వెనకే వచ్చింది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

“బాబూ, ఈ కత ఇంక సెప్పకు” అంది.

“ఏం అక్కా?”

“అది నవ్వుతాది గాని, ఆ రోజు ఆటోలో అదేటందో నువ్వు ఇననేదు. నాను ఇన్నాను.” అక్క మొత్తం చెప్పేసింది. మా ఆవిడ ఈ అక్క ఒళ్ళోనే తల పెట్టుకుని ఉందట. చీర మొత్తం తడిసిపోయిందట. “నేను తిరిగి రాకపోతే పెద్దదాన్ని భిలాయిలో మా అక్క దగ్గరికి పంపించండి. ఈయన దగ్గర వద్దు. చెడ్డవాడు కాదు. కానీ పిల్లకి ఏదైనా అయితే ఎత్తుకుని పరిగెత్తడు. నిలబడి చూస్తాడు” అందట. ఏడవకుండా అందట. రెండుసార్లు చెప్పించుకుని, ఈ అక్క చేత ఒట్టు పెట్టించుకుందట.

నేను మడిచిన కుర్చీని మళ్ళీ తెరిచి కూర్చున్నాను.

అప్పుడొక్కొక్కటే అర్థమయ్యాయి. పిల్లలకి ఎప్పుడు జ్వరమొచ్చినా ఆమె నన్ను అడిగేది కాదు. పిల్లని భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టేసి, గుమ్మం దాటుతూ “ఫైల్ తీసుకుని వెనకాల రండి” అనేది. నాకు ముఖ్యమైన పని అప్పజెప్పిందనుకుని ఫైలు పట్టుకుని వెనకాలే నడిచేవాణ్ణి. టీకాలకైనా అంతే, పెద్దది మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడైనా అంతే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లని నా చేతికి ఇచ్చి ఆసుపత్రికి పంపలేదు. ఆమెది చురుకుదనం అని నలుగురికీ చెప్పుకుని పొంగిపోయాను.

స్కూటర్ మీద తిరిగి బయల్దేరాం. ఊళ్ళోకి వచ్చాక, వెనక్కి తిరగకుండానే అడిగాను.

“ఆటోలో అక్కతో అన్నావట. పెద్దదాన్ని నా దగ్గర ఉంచొద్దని.”

ఆమె నా భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు. “అన్నాను” అంది.

“ఇప్పుడూ అంతేనా?”

సిగ్నల్ దగ్గర ఆగాం. ఆమె ఆలోచించింది. నన్ను నొప్పించాలని కాదు, అడిగినదానికి సరైన జవాబు వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

“ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు కదండీ. ఎత్తుకోవాల్సిన పని లేదు” అంది.